గ్రూపులో లెక్క అడిగాను, అపార్ట్‌మెంట్‌లో మాటలు పోయాయి. ఇప్పుడేం చెయ్యాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముందు నాకు అర్థమైంది చెప్తాను, ఎక్కడైనా తప్పుంటే చెప్పండి. వైజాగ్ మధురవాడలో 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, రెండేళ్ళ క్రితం కొనుక్కుని వచ్చారు. బయట గోడలకి రంగులు వేయించడానికి ఫ్లాటుకి 38,000 చొప్పున కట్టమని ప్రెసిడెంటు గారు వాట్సాప్ గ్రూపులో పెట్టారు, అంటే మొత్తం 18 లక్షల 24 వేలు. రాత్రి పదకొండింటికి మీరు "ఈ రేటు ఎవరు ఫిక్స్ చేశారు? కొటేషన్లు ఏవి?" అని అడిగారు. ఆయన "నమ్మకం లేకపోతే మీరే చేయించుకోండి" అన్నారు. దానికి మీరు "అంకుల్, మీ రోజుల్లో ఇలా నడిచిందేమో, ఇప్పుడు నడవదు" అన్నారు. ఇద్దరు పెద్దవాళ్ళు నిన్న గాక మొన్న వచ్చారంటూ మిమ్మల్ని మందలించారు, ఒకాయన పరువు నష్టం కేసు వేస్తానన్నారు. ఆరుగురు విడిగా మెసేజ్ పెట్టి "బాగా అడిగారు" అన్నారు గానీ గ్రూపులో ఒక్కరూ నోరు విప్పలేదు. ఇప్పుడు లిఫ్టులో ఎదురైనా మొహం తిప్పుకుంటున్నారు. మీ ఆవిడ సారీ చెప్పి ఊరుకోమంటున్నారు, మీకేమో గ్రూపులోంచి వచ్చేద్దామని ఉంది.

బయటికి రాకండి. లెక్క అడిగినందుకు సారీ చెప్పకండి. ఆ "మీ రోజుల్లో" అన్న ఒక్క వాక్యానికి మాత్రం చెప్పండి, అదీ గ్రూపులోనే, అందరూ చూసేలా. ఎందుకంటున్నానో కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నేనూ వైజాగ్‌లోనే, ఎంవీపీ కాలనీలో ఉంటాను. 36 ఫ్లాట్ల బిల్డింగు. పదకొండేళ్ళు సెక్రటరీగా చేశాను, మా గ్రూపు మొదలుపెట్టింది కూడా నేనే. నీళ్ళ ట్యాంకర్ల దగ్గర్నుంచి పార్కింగు గీతల దాకా, పెంపుడు కుక్కల దగ్గర్నుంచి వినాయక చవితి చందాల దాకా ఆ గ్రూపులో తగువు రాని విషయం లేదు. అటు కూర్చున్నప్పుడు మీ మెసేజ్ లాంటివి చదివి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నదాన్ని. ఇటు సభ్యురాలిగా మీలాగే అడిగి మాటలు పడ్డదాన్ని. ఇలాంటి ప్రశ్న ఎవరడిగినా నాకు పట్టనట్టు ఊరుకోలేను.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. 2016లో మా 302 ఫ్లాటాయన గ్రూపులో ఇలా రాశారు: "లిఫ్టు ఏఎంసీకి (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందానికి) 42,000 కట్టాం. సర్వీసు పుస్తకంలో ఈ ఏడాది రెండే సంతకాలున్నాయి. సెక్రటరీ గారు నిద్రపోతున్నారా?" నేను సర్వీసు పుస్తకం తీసి చూడలేదు. నిద్రపోతున్నారా అన్న మాట దగ్గరే ఆగిపోయాను. పొద్దున్నుంచి రాత్రి దాకా జీతం లేకుండా ఈ బిల్డింగు కోసం తిరుగుతుంటే నన్ను ఇంత మాట అంటారా అని మర్నాడు ఆయన్ని గ్రూపులోంచి తీసేశాను. తీసెయ్యడం ఎంతసేపు, పేరు మీద వేలు నొక్కడమే. నాలుగు నెలల తర్వాత మా నాలుగో అంతస్తు మామ్మగారు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య లిఫ్టులో నలభై నిమిషాలు ఇరుక్కుపోయారు. ఆవిడ లోపల్నుంచి పిలుస్తుంటే మేం బయట తలుపు దగ్గర నిలబడి "ఇదిగో వచ్చేస్తున్నారమ్మా" అంటూనే ఉన్నాం. అప్పుడు పుస్తకం తీశాను. 302 ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, ఫోన్లో ఆ పుస్తకం పేజీల ఫోటోలు తేదీలతో సహా చూపించారు. "మేడమ్, నేను అడిగింది పుస్తకం గురించి. కానీ నిద్రపోతున్నారా అనకుండా ఉండాల్సింది" అన్నారు. అప్పటికి నాలుగు నెలలుగా నా లోపల తిరుగుతున్నదేమిటో నాకు అర్థమైంది. ఆయన మెసేజ్‌లో రెండు వాక్యాలు నిజం, మూడోది పోటు. నేను మూడోదానికే జవాబు చెప్పాను, ఎందుకంటే దానికి జవాబు చెప్పడం తేలిక. నిజానికి జవాబు చెప్పాలంటే కిందకి దిగి, వాచ్‌మన్ గదిలోంచి పుస్తకం తెప్పించి, అది చూడకపోవడం నా తప్పేనని ఒప్పుకోవాలి. పోటు మాటకైతే కోపం తెచ్చుకుంటే సరిపోతుంది, పైగా చుట్టూ ఉన్నవాళ్ళు మన పక్షాన నిలబడతారు.

మీకు జరిగింది కూడా ఇదే. కొటేషన్లు ఏవి అన్నది సరైన ప్రశ్న, 18 లక్షల పనికి అడగకపోతేనే తప్పు. మీ రోజుల్లో అన్న మాట తగిలేసరికి ఆ ప్రశ్న దాని కింద పడిపోయింది. ఇప్పుడు మీ బిల్డింగులో ఎవర్నడిగినా మీరు పెద్దాయన్ని ఏమన్నారో చెప్తారు, కొటేషన్ల సంగతి ఎవరికీ గుర్తుండదు. అందుకే ఆ మాట వెనక్కి తీసుకోమంటున్నాను. అందులో మర్యాద ఉంది, దాంతోపాటు మీ ప్రశ్న మళ్ళీ పైకి రావాలంటే వేరే దారి కూడా లేదు.

ఇంకో చిన్న సంగతి, మీ స్క్రీన్‌షాట్ చూశాక చెప్తున్నాను. మీరు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు. అలా రాసేటప్పుడు అందరం కురచగా రాస్తాం, "అండి" ఎగిరిపోతుంది, "గారు" ఎగిరిపోతుంది. తెలుగులో మర్యాద అంతా ఆ చివర్లలోనే ఉంటుంది కదా! "కొటేషన్లు ఏవి" అని ఎదురుగా నిలబడి నవ్వుతూ అడిగితే అదొక రకం. అదే అక్షరాల్లో, రాత్రి పదకొండింటికి, అరవై ఏడేళ్ళాయన కళ్ళజోడు పెట్టుకుని మంచం మీద కూర్చుని చదువుకుంటే నిలదీసినట్టుంటుంది. ఆయన ఒక్కరే చదవరు కూడా. పక్కనుండి ఆయన భార్య చదువుతారు. ఓనరుగా కొడుకు పేరు ఉంటే ఎక్కడో టెక్సాస్‌లో ఆ అబ్బాయి కూడా చదువుతాడు. మన మాట ఒక్కరికి రాసినట్టే ఉంటుంది గానీ చేరేది ఓ కుటుంబానికి.

అదే ప్రశ్న ఇలా రాసి ఉంటే చూడండి. "ప్రెసిడెంటు గారూ, రంగుల పని ఈ ఏడాది పెట్టుకోవడం మంచిదే, సముద్రపు గాలికి మన తూర్పు గోడ బాగా పాడైంది. డబ్బు కట్టే ముందు మూడు కొటేషన్లు చూస్తే బావుంటుందని నా అభిప్రాయం. ఎన్ని చదరపు అడుగులు, రంగు ఎన్ని కోటింగులు, పుట్టీ, ప్రైమరు, పరంజా ఖర్చు అందులోనే కలిసి ఉన్నాయా అన్నది తెలిస్తే అందరం నమ్మకంగా కట్టొచ్చు. కావాలంటే ఒక కొటేషన్ నేను తెప్పిస్తాను." ఇందులో మీరు ఏదీ తగ్గించుకోలేదు. మూడు కొటేషన్లు కావాలన్నారు, చూడకుండా కట్టనని చెప్పకనే చెప్పారు. ఒక పని నెత్తిన వేసుకున్నారు కూడా. ఆ ఆఖరి ముక్క చాలా ముఖ్యం. మా గ్రూపులో ఇన్నేళ్ళలో నేను గమనించిందేమిటంటే, పని పంచుకుంటానని చెప్పి విభేదించినవాళ్ళ మీద ఎవరికీ ఎక్కువ కాలం కోపం నిలవదు.

ఇక్కడ చాలామంది "యథార్థవాది లోకవిరోధి" అని సామెత చెప్తారు, మీ పోస్టు కింద ఇద్దరు అదే రాశారు. ఆ సామెతని ఇలా వాడుకోవడం నాకు నచ్చదు. నిజం చెప్పినందుకు పదిమందికీ దూరమైనవాళ్ళు ఉన్నారు, వాళ్ళని గౌరవిస్తాను. కానీ మా గ్రూపులో ఆ మాట అనేవాళ్ళు ఎక్కువగా నిజంతో పాటు నాలుగు పుల్లవిరుపు మాటలు కలిపి వదిలి, వాటికి వచ్చిన కోపాన్ని నిజం ఖాతాలో రాసుకునేవాళ్ళు. నిజాన్ని సూటిగా, మర్యాదగా చెప్పి చూడండి, అప్పుడు కూడా లోకం విరోధమైతే అప్పుడు ఆ సామెత మీది.

మీ విషయంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ ఆరుగురు. "బాగా అడిగావు తమ్ముడూ" అని విడిగా మెసేజ్ పెట్టి, గ్రూపులో ప్రెసిడెంటు గారి మెసేజ్ కింద దణ్ణం బొమ్మ పెట్టినవాళ్ళు. వాళ్ళని తిట్టమని చెప్పట్లేదు. ఆ ఇరుకు నాకు తెలుసు. రేపు పెళ్ళికి సెల్లార్ కావాలి, పార్కింగు దగ్గర మాట కావాలి, పిల్లలు కలిసి ఆడుకుంటారు, ఎందుకొచ్చిన గొడవ అనుకుంటారు. మనకి చిన్నప్పట్నుంచీ నేర్పింది కూడా అదే, పదిమందిలో ఎదురు చెప్పకు అని. కానీ పదిమందిలో చెప్పని మాట మెట్ల మీదా, రైతు బజార్లోనూ, వాకింగ్‌లోనూ ఇంకా ఘాటుగా బయటికి వస్తుంది. అక్కడ ప్రెసిడెంటు గారు ఉండరు కాబట్టి జవాబు చెప్పుకునే వీలు ఆయనకి ఉండదు. ఆయన తింటున్నాడేమో అని మీరు గ్రూపులో అనలేదు, ఆ ఆరుగురిలో ఒకరు మీతో విడిగా అన్నారని మీరే రాశారు. మరి ఇద్దరిలో ఎవరు మర్యాద తప్పినట్టు?

మా దగ్గర ఇది ఇంకా ముదిరింది. 2019లో నన్నూ ఇంకో ఇద్దర్నీ వదిలేసి కొందరు వేరే గ్రూపు పెట్టుకున్నారు. నాకు తెలియదు. ఒకరోజు మధ్యాహ్నం ట్యాంకరు డబ్బుల గురించి నేను పెద్ద గ్రూపులో రాసిన నిమిషానికి "ఈవిడ మళ్ళీ మొదలెట్టింది" అని ఒక మెసేజ్ వచ్చింది. పొరపాటున అటు పెట్టాల్సింది ఇటు పెట్టారు. వెంటనే తీసేశారు. కానీ మెసేజ్ తీసేశారన్న గీత అలాగే ఉండిపోతుందిగా, ఆ గీతని చూస్తూ ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. రాసినావిడ మా పక్కింటావిడే, ముందురోజు మా ఇంటి కరివేపాకు తీసుకెళ్ళారు. మర్నాడు ఆవిడ తలుపు కొట్టి లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డారు. "ట్యాంకరు వాడికి ముందే ఎందుకు ఇచ్చేస్తారో నాకు నచ్చట్లేదండీ, ఎలా చెప్పాలో తెలియక" అన్నారు. ఆ ముక్క గ్రూపులో చెప్పి ఉంటే నేను ఒక్క నిమిషంలో జవాబు చెప్పేదాన్ని: ముందు ఇవ్వకపోతే ఏప్రిల్, మే నెలల్లో మన వీధికి ట్యాంకరే రాదు. నచ్చట్లేదు అన్న మాట నా మొహం మీద అనడానికి మొహమాటపడి, నా వెనకాల ఏడాది పాటు అన్నారు. ఏది మొహమాటమో ఏది మర్యాదో మనం చాలాసార్లు కలిపేసుకుంటాం.

గ్రూపులు రాకముందు ఎలా ఉండేదంటారా, ఒకటి చెప్తాను. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను వైజాగ్ దగ్గరే తీరం దాటిన రోజు. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, పాల కోసం, పెట్రోలు కోసం క్యూలు. మాకు కరెంటు తొమ్మిదో రోజు వచ్చింది. మా జనరేటరుకి ఉన్న కొద్దిపాటి డీజిల్ ఎలా వాడాలన్నది తగువు. పైఅంతస్తుల వాళ్ళు మోటారు వెయ్యాలన్నారు, ఇంట్లో మంచాన పడ్డ తండ్రి ఉన్నాయన ముందు లిఫ్టు అన్నారు, ఒకాయన ఫోన్లు చార్జింగు పెట్టుకోవాలన్నారు. సాయంత్రం సెల్లార్‌లో ఒక ఎమర్జెన్సీ లైటు చుట్టూ నిలబడి గట్టిగానే అరుచుకున్నాం. "ఏటండీ, మీకొక్కరికేనా ఇల్లు" అన్న మాట కూడా వచ్చింది. కానీ ఆ మాట అన్నాయన వెంటనే అవతలి మనిషి మొహం చూశారు, గొంతు తగ్గించారు. గంటలో తేలిపోయింది: పొద్దున్న నలభై నిమిషాలు మోటారు, ఆ టైములోనే లిఫ్టు, ఆ టైములోనే చార్జింగు. మర్నాడు అందరం కలిసి గేటు ముందు పడిన చెట్టు నరికాం.

తర్వాతి ఏడు గ్రూపు పెట్టాక అదే మనుషులం జనరేటరు బ్యాటరీ మార్చాలా వద్దా అన్నదానికి మూడు నెలలు కొట్టుకున్నాం. మనుషులు చెడ్డవాళ్ళు అయిపోలేదు. అన్న మాట ఎక్కడ తగిలిందో కనిపించడం లేదు, అంతే. ఎదురుగా ఉంటే మన కళ్ళు చేసే పని, గ్రూపులో ఉన్నప్పుడు మనమే కూర్చుని ఆలోచించి చెయ్యాలి. వాట్సాప్‌లో పంపిన పదిహేను నిమిషాల్లోపు మెసేజ్‌ని దిద్దుకునే వీలు 2023 నుంచి ఉంది, నేను దాన్ని బాగా వాడతాను. పంపాక ఒకసారి, ఇది నా మొహం మీద అంటే నాకెలా ఉంటుంది అని చదువుకుని ఒక మాట మారుస్తాను.

ఎదురు ప్రశ్న వెయ్యడం అమర్యాద అనుకునేవాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పే సంగతి ఇంకోటి ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున మా ఊరి ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది పోయారు. ఆ రోజు రాత్రి మళ్ళీ లీకవుతోందన్న మాట పాకిపోయి ఎంతోమంది అర్ధరాత్రి ఇళ్ళు వదిలి రోడ్ల మీదకి వచ్చారు. మాది దూరమే, అయినా మా గ్రూపు రాత్రంతా మోగుతూనే ఉంది. ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చోటికే పంపగలిగేలా ఆ ముందు నెలలోనే వాట్సాప్ కట్టడి పెట్టింది, కానీ కాపీ చేసి పెట్టేవాళ్ళని ఎవరాపుతారు? ఇళ్ళు ఖాళీ చెయ్యమంటున్నారు అని ఒకరు, నీళ్ళు తాగొద్దు అని ఒకరు. లాక్‌డౌన్ రోజులు, ఇద్దరు అప్పటికే కార్లలో సామాను పెట్టుకుంటున్నారు. అప్పుడు మా గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుండే ఒక నర్సమ్మాయి ఒక్క ముక్క రాసింది: "అండీ, ఇది ఎవరు చెప్పారు? ఎన్ని గంటలకి చెప్పారు? మన ఏరియా పేరు అందులో ఉందా?" మూడు ప్రశ్నలు. ఎవరినీ తప్పుపట్టలేదు, పుకార్లు పుట్టించకండి అని గద్దించలేదు. ఎవరి దగ్గరా జవాబు లేదు, అక్కడితో ఆగింది. మీరు అడిగిన "ఎవరు ఫిక్స్ చేశారు, కొటేషన్లు ఏవి" కూడా ఆ జాతి ప్రశ్నే. అందుకే మీరు అడగడం మానకూడదంటున్నాను.

ఆ అమ్మాయి అద్దెకున్నదని చెప్పాను కదా, దాని గురించి కూడా ఒక మాట. ఓనర్లు తప్ప ఎవరూ మాట్లాడకూడదని మా దగ్గర కొన్నాళ్ళు ఒక రూలు నడిచింది, నేనే ఒప్పుకున్నాను, ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. ఆడవాళ్ళు లెక్క అడిగితే "మీ వారిని మాట్లాడమనండమ్మా" అనేవాళ్ళు, సెక్రటరీగా ఉన్న నాతో కూడా అన్నారు. ఇక వయసు. నిన్న గాక మొన్న వచ్చారు అని మిమ్మల్ని అన్నది మీరు మీ రోజుల్లో అన్నదానికి సరిగ్గా అద్దం లాంటిది. మీరు ఆయన వయసుని అన్నారు, వాళ్ళు మీరు కొత్తగా రావడాన్ని అన్నారు. గోడ సంగతి ఎవరూ మాట్లాడలేదు.

మీరు అడగకపోయినా చెప్తాను, గ్రూపులో మర్యాద అంటే ఎదుటివాళ్ళకి జవాబివ్వడం ఒక్కటే కాదు, జవాబివ్వలేనివాళ్ళ గురించి ఏం రాస్తున్నామన్నది కూడా. మోటారు టైముల కోసం మా వాచ్‌మన్ని గ్రూపులో చేర్చాం. తర్వాత మర్చిపోయాం. ఒక వేసవిలో ఒకరు రాశారు, "వాచ్‌మన్ చుట్టాలు వచ్చి పడుతున్నారు, నీళ్ళన్నీ వాళ్ళే వాడేస్తున్నారు." కింద ఏడుగురు అవునవును అన్నారు. అతనికి చదవడం రాదు, ఇంటర్ చదివే కూతురు ఫోన్లో అన్నీ చదివి వినిపిస్తుంది. మర్నాడు పొద్దున్న ఐదున్నరకి నేను కిందకి దిగితే ఆ పిల్ల రెండు బిందెలతో వీధి చివర కుళాయి నుంచి నీళ్ళు మోసుకొస్తోంది. "మా నీళ్ళు మేం బయట పట్టుకుంటున్నామమ్మా" అన్నాడు వాళ్ళ నాన్న, నా మొహం చూడకుండా. వచ్చిన చుట్టం అతని మరదలు, పురిటికి కేజీహెచ్ ఆసుపత్రికి వచ్చి, బిడ్డతో పది రోజులు ఉంది. ఆ ఏడుగురిలో ఎవరూ అతని ఎదురుగా ఆ మాట అనేవాళ్ళు కాదు, వాళ్ళు మంచివాళ్ళే. నేను ఆ రోజు గ్రూపులో అతని పేరు పెట్టి, గారు చేర్చి, క్షమించమని రాశాను. ముగ్గురు కిందకి దిగి వెళ్ళి చెప్పారు. ఆ పిల్ల మాత్రం ఆ వేసవంతా బయటి కుళాయి నీళ్ళే తెచ్చింది.

కేసు బెదిరింపు గురించి తక్కువలో చెప్తాను. సంఘం సభ్యుడు సంఘం డబ్బు లెక్క అడగడం పరువు నష్టం కాదు. నిశ్చింతగా ఉండండి. నెట్‌లో నచ్చని మాట రాసినందుకే అరెస్టు చేసే వీలిచ్చిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అలా అని పరువు నష్టం అనేది లేకుండా పోలేదు, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 356వ సెక్షన్, రెండేళ్ళ దాకా జైలు ఉండొచ్చు. అందుకని "డబ్బు తినేశారు" లాంటి మాట రుజువు లేకుండా ఎక్కడా రాయకండి, ఆ ఆరుగురితో విడిగా కూడా అనకండి, స్క్రీన్‌షాట్లకి కాళ్ళొస్తాయి. మన రాష్ట్రంలో చాలా అపార్ట్‌మెంట్ సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరై ఉంటాయి. మీది ఏ చట్టం కింద ఉందో కనుక్కుని బైలాస్, అంటే సంఘం రాసుకున్న నియమాల కాపీ అడిగి తీసుకోండి. ఇంత పెద్ద ఖర్చుకి జనరల్ బాడీ (సభ్యులందరి సమావేశం) తీర్మానం కావాలా, కమిటీ సొంతంగా ఎంత దాకా పెట్టొచ్చు అన్నది అందులో చూడండి. ఇది ప్రెసిడెంటు గారితో పోట్లాటకి కాదు. బైలాస్ చేతిలో ఉంటే ఎవరి నమ్మకం గురించీ మాట్లాడనక్కర్లేదు, రాసుకున్న పద్ధతి గురించి మాట్లాడొచ్చు.

గ్రూపులోంచి చప్పుడు కాకుండా జారుకోవచ్చని మీరు అనుకుంటే, అడ్మిన్లకి ఆ క్షణమే తెలుస్తుంది, అరవై రోజుల పాటు పాత సభ్యుల జాబితాలో మీ పేరు కనిపిస్తుంది. అలిగి వెళ్ళారనే అనుకుంటారు, మీ ప్రశ్న కూడా మీతోపాటే వెళ్ళిపోతుంది. ఆ 38,000 మాత్రం మీ ఇంటికి వస్తుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఈ రాత్రికి ఏమీ రాయకండి. రేపు పగలు, పది దాటాక, తెలుగు అక్షరాల్లో, గ్రూపులో ఇంత రాయండి చాలు: "ప్రెసిడెంటు గారూ, ఆ రోజు మీ రోజుల్లో అని నేనన్న మాట తప్పు. మీరు చేస్తున్న పని నాకు తెలుసు. మన్నించండి. కొటేషన్ల గురించి నేనడిగింది మాత్రం అలాగే ఉంది, అందరి డబ్బు కాబట్టి చూసి కడదామని నా కోరిక." కింద ఇంకేం చేర్చకండి. కానీ, అయితే, మీరు కూడా అన్నారు కదా, ఇవేవీ వద్దు. ఎవరైనా గిల్లినా ఆ రోజు జవాబివ్వకండి.

ఆ ఆరుగురికీ ఒక్కొక్కరికి ఫోన్ చెయ్యండి, మెసేజ్ కాదు. "మీరు నాతో అన్నది గ్రూపులో అనండి, నా వైపు మాట్లాడక్కర్లేదు, మూడు కొటేషన్లు చూద్దాం అని ఒక్క ముక్క రాస్తే చాలు" అని అడగండి. ఇద్దరు రాసినా ఇది మీ ఒక్కరి గొడవ కాకుండా పోతుంది. రాయనన్నవాళ్ళ మీద కోపం పెట్టుకోకండి, వాళ్ళకేం ఇబ్బందులున్నాయో మనకి తెలియదు.

ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నర దాటాక ప్రెసిడెంటు గారింటికి వెళ్ళండి, ముందు ఫోన్ చేసి రమ్మంటారా అని అడిగి వెళ్ళండి. మీ ఆవిడని కూడా తీసుకెళ్ళండి, ఇద్దరి మధ్య మాట కాస్త పదును తగ్గుతుంది. అంకుల్ అనకండి ఈసారి, ఆయన ఇంటిపేరుకి గారు చేర్చి పిలవండి. కాఫీ ఇస్తే తాగండి. రంగుల మాట మీరే ఎత్తకండి, ఈ పదేళ్ళూ ఈ బిల్డింగుకి ఏమేం చేయించారో అడగండి, నిజంగా వినండి, అందులో మీకు పనికొచ్చేవి చాలా ఉంటాయి. పోయినసారి రంగులు ఎప్పుడు వేశారు, ఎన్నాళ్ళు నిలిచాయి, ఎవరు వేశారు, గోడ ఎక్కడెక్కడ ఊరింది అన్నవి ఆయన దగ్గర తప్ప ఎక్కడా దొరకవు. అప్పుడు ఒకసారి టెర్రస్ మీదకి వెళ్ళి చూద్దామా అని అడగండి. గోడ ముందు ఇద్దరూ నిలబడి చూస్తే ఏ పగులు ఎవరికి ఎలా కనిపిస్తుందో అక్కడే తేలుతుంది. ఆయన వద్దంటే మాత్రం, కొటేషన్లు, జనరల్ బాడీ మీటింగు కోరుతూ ఒక పేజీ కాగితం రాసి, కమిటీకి ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకోండి. అది కూడా గారు పెట్టి, నమస్కారంతోనే రాయండి.

మూడు కొటేషన్లు చేతికొచ్చాక మొత్తాలు చూసి పోల్చకండి, చదరపు అడుగులు ముగ్గురూ ఒకేలా కొలిచారో లేదో ముందు చూడండి. మా దగ్గర ఇద్దరి లెక్కలో కిటికీల ఖాళీ కలిసి ఉంది, ఒకరి లెక్కలో లేదు, తేడా అంతా అక్కడే వచ్చింది. అర్థం కాకపోతే పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, నేను కూర్చుని చూస్తాను.